పడగబండ కింద ఉప్పు

రాళ్ళగూడెంలో బీరమ్మను గొర్లెన్ని అని ఎవరూ అడగరు. అడిగినా ఆమె చెప్పదు. తెలియక ఏ కొత్త కోడలో అడిగితే "ఉన్నయి తియ్, ఓ నాలుగు" అంటుంది. ఆ నాలుగూ పొద్దున గుట్ట దిగి వస్తుంటే బాట బాటంతా మూసుకుపోతుంది. ఎదురొచ్చిన బండి ఏదైనా సరే, పక్కకు తీసి పావుగంట చూస్తూ నిలబడాల్సిందే.

బిడ్డల లెక్క, మంద లెక్క నోటితో చెప్పకూడదన్నది ఆమె అత్త పెట్టిన కట్టుబాటు. అత్తకు ఆమె అత్త పెట్టింది. అందులోనూ గొర్రెలు ఈనే రోజుల్లో మంద మీద కొత్త మనిషి కన్ను అసలే పడకూడదు. ఇదంతా ఉత్తదే అని కొట్టిపారేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళకేం, వాళ్ళు మంద కాసిన వాళ్ళు కారు. రెండేళ్ళ కిందట గొర్ల చెవులకు నంబరు బిళ్ళలు వేస్తామని ఇద్దరు వచ్చి, వేలు చూపిస్తూ ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టి పోయారు. వారం తిరగకముందే పదకొండు పిల్లలు చచ్చాయి. పశువుల డాక్టరు వచ్చి జబ్బుకు ఏదో పేరు చెప్పాడు. బీరమ్మకు ఆ పేరు గుర్తులేదు. లెక్కపెట్టిన ఆ వేలు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

మొగుడు హనుమంతు పోయి ఆరేళ్ళయింది. ఒక్కగానొక్క కొడుకు రాజేశ్, బడిలో ఎవడో "ఏ గొర్లోడా" అన్నాడని పదో తరగతి నుంచే మందకు దూరం జరిగాడు. మర్రిగూడ అడ్డా మీద ఆటో నడుపుతాడు. కోడలు నవనీత ఇంట్లో మిషన్ కుడుతుంది. మంద మాత్రం బీరమ్మది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి గొంగడి భుజాన వేసుకుని గుట్ట ఎక్కుతుంటే పాతికేళ్ళ పిల్లలు వెనకబడతారు.

ఊరికి పైన బోడగుట్ట ఉంది. ఆ గుట్ట నడుముకు, పాము పడగ విప్పినట్టు ముందుకు వంగిన పెద్ద బండ ఒకటి. పడగబండ అంటారు. దాని కింద మందంతా పట్టేంత జాగా. ఎంత వాన కొట్టినా లోపల చుక్క పడదు. తడి నేల మీద పండితే గొర్రెకు గిట్టలు కుళ్తాయి, అందుకే మృగశిర నుంచి దీపావళి దాకా ఆ ఇంటి మంద రాత్రిపూట అక్కడే ఉంటుంది. ఎండాకాలం ఎరువు కోసం రైతులు తమ చేలల్లో మంద పెట్టించుకుంటారు కాబట్టి అప్పుడు బండ కింద ఖాళీ. హనుమంతు ముత్తాతకు ముత్తాత నాటి నుంచి ఇదే పద్ధతి. బండ చుట్టూ ఉన్న రెండెకరాలు కూడా ఆ ఇంటివే, ఇప్పుడు పాసుబుక్కు బీరమ్మ పేరు మీద ఉంది.

మంద అక్కడ ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే పెంటికలు ఊడ్చి గంపలకెత్తాలి. సాయంత్రం ఇంటి పొయ్యిలో బూడిద గంపలో మోసుకొచ్చి నేలంతా చల్లాలి. బూడిద పడితే గొర్లకు పిడుదులు పట్టవు. కాపురానికి వచ్చిన రెండో రోజు అత్త ఆ బూడిద గంప బీరమ్మ నెత్తిన పెట్టింది. నలభై ఏళ్ళయినా అది దిగలేదు. పక్కింట్లో గ్యాసు పొయ్యి వచ్చినా, తనింట్లో వచ్చినా, మంద కోసమని ఆమె కట్టెల పొయ్యి మానలేదు.

బండ కింద గోడల మీదా నేల మీదా తెల్లగా పొక్కులు పొక్కులుగా ఏదో లేస్తుంటుంది. నాలుక మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది. దానికో పేరుంటుందని బీరమ్మకు ఎన్నడూ తోచలేదు. చీపురుకు వచ్చినంత ఊడ్చి పారబోసేది.

తెలంగాణ వచ్చిన తర్వాత నాలుగో ఎండాకాలంలో దివాకర్ అనే పాలమూరు పిల్లగాడు మర్రిగూడలో దిగి, రోజు కిరాయికి రాజేశ్ ఆటో మాట్లాడుకున్నాడు. హైదరాబాదులో ఏదో కంపెనీలో రాళ్ళూ మట్టీ పరీక్ష చేసే ఉద్యోగం. చేతిలో సుత్తె, సంచీ నిండా సీసాలు. ఊళ్ళో వాళ్ళు చూసీచూడనట్టు ఊరుకున్నారు. ఆ ప్రాంతానికి సీసాలు పట్టుకుని మనుషులు రావడం కొత్తా? నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని ఎన్నేళ్ళుగానో వస్తున్నారు, నీళ్ళు పట్టుకుపోతున్నారు, ఎవరి మోకాళ్ళు ఎంత వంగాయో రాసుకుపోతున్నారు.

మిట్టమధ్యాహ్నం ఎండకు తాళలేక ఇద్దరూ పడగబండ నీడకు చేరారు. మంద చేలల్లో ఉన్న రోజులు కాబట్టి అక్కడ ఎవరూ లేరు. రాజేశ్ బీడీ ముట్టించాడు. దివాకర్ గోడ మీది తెల్ల పొక్కును గోటితో గీకి, నాలుకకు అద్దుకుని రుచి చూశాడు. తర్వాత రాజేశ్ చేతిలోంచి బీడీ తీసుకుని దాని నిప్పు మీద చిటికెడు పొడి వేశాడు. చిటచిటమని ఊదారంగు మంట లేచింది.

ఆ సాయంత్రం రాజేశ్ ఇంటికి వచ్చేసరికి బీరమ్మ పొయ్యి ముందు జొన్న రొట్టె చేస్తోంది.

"అమ్మా, మన పడగబండ కింద ఉప్పు దొరికిందట," అన్నాడు వాకిట్లో నుంచే.

"ఉప్పు దొరుకుడేందిరా? దుకాండ్ల దొరుకుతలేదా?"

"తినే ఉప్పు గాదే. పొటాషియమో ఏందో. ఎరువులల్ల, అగ్గిపెట్టెలల్ల, బండలు పేల్చే మందుల అదే ఏస్తరట. మనకాడ దొరకక బయటి దేశాలకెల్లి తెప్పిస్తున్నరట. సారు నా బీడీ వాపసిచ్చుడే మరిచిండమ్మా. కింద ఇంకెంతుందో అన్నడు."

 పెనం మీద రొట్టె మాడి పొగ లేచినా బీరమ్మ తియ్యలేదు. నలభై ఏళ్ళు చీపురుతో ఊడ్చి వాగులో పోసిన దుమ్ము అది. దాని కోసం ఓడల మీద సరుకు తెప్పించుకుంటున్నారంటే ఆమె నమ్మాలా, నవ్వాలా?

"మంద ఉంటదని చెప్పినవా?" అంది చివరికి. ఆమె భయం ఆమెది.

"ఎందుకు చెప్త? ఎవరి జాగ అన్నడు, మాదే అన్న. గొర్ల ముచ్చట అడగలే, చెప్పలే."

"మంచిగ చేసినవు."

వాడు సిగ్గుపడి చెప్పలేదు, ఆమె దిష్టికి భయపడి మెచ్చుకుంది. తల్లీకొడుకులు ఒక మాట మీద నిలబడటం ఆ ఇంట్లో అరుదు. ఆ రోజు నిలబడ్డారు.

హైదరాబాదుకు పోయిన మట్టి పరీక్ష నెగ్గింది. మృగశిర వచ్చింది, రెండు వానలు పడ్డాయి, మంద పడగబండ కిందికి చేరింది. అప్పుడే ఈతలు మొదలయ్యాయి. రోజుకు నాలుగైదు పిల్లలు పడుతున్నాయి. సరిగ్గా అప్పుడు కబురు వచ్చింది, రేపు పెద్ద సార్లు జాగా చూడటానికి వస్తున్నారని.

 కొత్త కన్ను కాదు, కార్ల నిండా కొత్త కళ్ళు. బీరమ్మ తెల్లారకముందే లేచి, తడి ఆరని పిల్లలను గొంగట్లో చుట్టుకుని మందనంతా వాగు అవతలికి తోలింది. తిరిగి వచ్చి బండ కింద పెంటిక లేకుండా మూడుసార్లు ఊడ్చింది. మందకు అడ్డంగా కట్టిన తడిక తీసి పొదల్లో దాచింది. ఊడ్చిన చోటల్లా అలవాటు ప్రకారం బూడిద చల్లింది. చూసినవాడెవడూ అక్కడ గొర్రె పండిందని చెప్పలేడు. అంత నీటుగా ఆమె తన పెళ్ళినాడు కూడా ఇల్లు ఊడ్చి ఉండదు.

సార్లు నలుగురు వచ్చారు. వాసన రాలేదా అంటే, వచ్చే ఉంటుంది. ఏసీ కారు దిగి సెంటు పూసుకుని వచ్చినవాళ్ళకు పల్లెలంటేనే ఓ వాసన కదా, అలాగే అనుకుని ఉంటారు. గోడలు చూశారు, మట్టి తవ్వి చూశారు, ఫోటోలు తీశారు. వాళ్ళలో తెల్ల జుట్టు ఆయన ఇంగ్లీషులో ఏదో అడిగితే దివాకర్ బీరమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, ఇక్కడ పశువులు గాని, గొర్లు గాని కడ్తరా?"

సూటిగా అడిగిన మాట. ఊరి వాళ్ళు పదిమంది అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఒకరి మంద గురించి ఇంకొకరు మాట్లాడకూడదన్నది వాళ్ళకూ తెలుసు. అందరూ బీరమ్మ ముఖమే చూశారు.

"లేదు సారూ," అంది బీరమ్మ. "గిది పాముల జాగ. గీడికి ఎవ్వరు రారు, ఏం తోలరు."

"ఎన్నడూ లేవా?"

"మా అత్త నాటి సంది లేవు."

దివాకర్ రాసుకున్నాడు. బీరమ్మ కొంగు ముడి గట్టిగా పట్టుకుని నిలబడింది. నలుగురు చదువుకున్నోళ్ళను ఏమార్చి తన పిల్లలను కాపాడుకున్నానని లోపల లోపల మురిసిపోయింది. కార్లు వెళ్ళిపోయాక, పొద్దుగూకగానే మంద మళ్ళీ బండ కిందికి చేరింది. ఆ సంవత్సరం నిజంగానే ఒక్క పిల్ల కూడా చావలేదు.

తర్వాత జరిగింది ఊరు ఊరంతా చెప్పుకోవాల్సిందే. పేపర్లో పడింది, మర్రిగూడ గుట్టల్లో అరుదైన ఉప్పు నిక్షేపం, నల్లగొండ, పాలమూరు జిల్లాల దశ తిరుగుతుందని. అంతే. ఎన్నడూ బస్సు సరిగా రాని ఊరికి రోజుకు ఇరవై కార్లు వచ్చాయి. పత్తి సరిగా పండని చెలకలకు రాళ్ళు పాతి ప్లాట్లు చేశారు. నార్కట్‌పల్లి నుంచి ఒకాయన వచ్చి హోటలు పెట్టాడు. భువనగిరి నుంచి ఇంకొకాయన లారీలు తూచే కాంటా వేయడానికి జాగా కొన్నాడు. కార్ఖానాలో కొలువులకు పేర్లు రాసుకుంటామని ఎవడో వస్తే చింతపల్లి దాకా పిల్లలు బారు కట్టారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా ఒక్క లారీ ఉప్పు కదలకముందే ఊళ్ళో వెల్డింగు షాపు, టైర్ల షాపు, ఫంక్షన్ హాలుకు పునాదీ లేచాయి.

గాలయ్య అనే వడ్డెర ముసలాయన ఒక్కడే హోటలు ముందు కూర్చుని నవ్వేవాడు. ఎనభై దాటిన మనిషి, ఒకప్పుడు బావుల్లో బండలు పేల్చిన చేతులు. "అది సూరేకారం రా. కొత్తగ దొరుకుడేంది? మా తాత బండలు పేల్చే మందుకు గీ గుట్ట మన్నే తెచ్చి ఉడకబెట్టేటోడు," అంటుంటే, కల్లు ఎక్కువైందని పిల్లలు ఆయనకు ఇంకో చాయ్ పోయించేవారు.

శ్రావణంలో కంపెనీ వాళ్ళు కాగితాలు తెచ్చి బీరమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నారు. రెండెకరాలు కౌలు మీద వాళ్ళకు. రాజేశ్ పక్కన నిలబడి చదివి చెప్పాడు. పగలు తవ్వుకుని పోతారు, రాత్రి మంద ఎప్పటిలాగే ఉంటుందని ఆమె అనుకుంది. మూడో రోజుకల్లా పడగబండ చుట్టూ ఇనుప కంచె లేచింది, దానికో గేటు, గేటుకో కావలి మనిషి.

"మంద?" అంది బీరమ్మ.

"ఇంటి కాడ కడ్దాం, ఏమైతది?" అన్నాడు రాజేశ్.

ఏమవుతుందో వాన చెప్పింది. పదిహేను రోజులు విడవకుండా కురిసింది. ఇంటి వెనక నేల బురదయి, గొర్లు రాత్రిళ్ళు పండకుండా నిలబడే ఉండేవి. మొదట నాలుగు కుంటాయి, తర్వాత పది. గిట్టల మధ్య పుండ్లు పడి పురుగు పట్టింది. బీరమ్మ ఒక్కొక్క దాన్నీ ఒళ్ళో పడేసుకుని కిరసనాయిలుతో కడిగేది. వేపాకు నూరి పెట్టేది. కడిగిన గిట్ట మళ్ళీ బురదలోనే పడేది. గేటు దగ్గరికి పోయి కావలి మనిషిని బతిమాలింది, వానలు తగ్గేదాకా రాత్రిపూట ఓ మూలకు ఉండనిమ్మని. పైనుంచి చెప్పందే కుదరదన్నాడు. గొర్లను పెట్టుకోనివ్వమని దివాకర్‌కు ఫోన్ చేద్దామంది రాజేశ్‌తో. చేస్తే మరి ఆ రోజు లేవని ఎందుకు చెప్పావంటారన్నాడు రాజేశ్. ఆమె ఇంకో గొర్రె గిట్ట కడగడానికి కూర్చుంది.

"అమ్ముదాం అమ్మా," అన్నాడు ఒక పొద్దున వాడే, మెల్లగా. "కుంటి మందను ఇంకో నెలకు ఎవ్వడు కొనడు. టిప్పర్ కొంట. కంపెనీకి నడిపిస్త. నువ్వు ఇంకెన్నేండ్లు గుట్టలెక్కుతవు?"

వాడు చెడ్డవాడు కాదు. చెప్పింది అబద్ధమూ కాదు. అదే బీరమ్మకు ఎక్కువ బాధయింది.

నార్కట్‌పల్లి నుంచి ఎల్లేశం అనే బేరగాడు రెండు లారీలు తెచ్చాడు. లారీ వెనక పలక దించి, ఒక్కొక్క గొర్రెను మెడ పట్టి ఎక్కిస్తూ పైకి అనడం మొదలుపెట్టాడు.

"ఒక్కటి. రెండు. మూడు."

"తమ్మీ, నోరు మూసుకుని లెక్కవెట్టు," అంది బీరమ్మ.

"బేరమన్నంక లెక్క పైకే ఉంటదక్కా. రేపు నువ్వే తక్కువొచ్చిందంటవు. నాలుగు. అయిదు."

బీరమ్మ గొంగడి నెత్తి మీదుగా కప్పుకుని రెండు చెవులూ మూసుకుంది. అయినా వినిపించింది. నలభై ఏళ్ళు ఆ ఇంట్లో ఎవరి నోటా రాని లెక్క, ఎవడో తెలియని మనిషి గొంతులో ఒక్కో అంకె ఒక్కో రాయిలా పడుతుంటే ఆమె కొయ్యబారిపోయి కూర్చుంది. చివరి అంకె కూడా వినిపించింది. లారీలు కదిలాయి. మర్రిగూడ మలుపు దాటేదాకా గొర్ల అరుపు వినిపించింది, ఆమె ఏడ్చింది కూడా దాటిన తర్వాతే.

టిప్పర్ వచ్చింది. ముందు అద్దం మీద రాజేశ్ తల్లి పేరే రాయించాడు. బీరమ్మ దాన్ని ఒక్కసారి చూసి లోపలికి పోయింది.

సాయంత్రమయితే ఆమె చేతులు ఊరుకునేవి కావు. పొయ్యిలో బూడిద గంపకెత్తుకుని గుట్టకేసి నడిచేది. సగం దూరం పోయాక గుర్తొచ్చేది. అయినా వెనక్కి తిరిగేది కాదు, గేటు దాకా పోయి కంచెకు ఇవతల బూడిద కుమ్మరించి వచ్చేది. ముసలామెకు మతి చలించిందని కావలి మనిషి నవనీతకు చెప్పాడు.

కార్తీకంలో యంత్రాలు వచ్చాయి. బోర్లు వేస్తారట, కింద ఎంత లోతుందో చూస్తారట. ఊరంతా గుట్ట మీదే ఉంది. మొదటి బోరులో మూడడుగులు తెల్ల మట్టి పడింది, అందరూ ఈలలు వేశారు. నాలుగో అడుగు నుంచి నల్ల బండ. పక్కకు జరిపి రెండోది వేశారు. రెండడుగులు మట్టి, కింద బండ. పడగ నీడ దాటి బయట వేసిన మూడోదాంట్లో తెల్లదనమే లేదు. తొమ్మిది వేశారు. గుట్టకు అవతల కూడా వేశారు. ఎక్కడ చూసినా అదే బండ, నల్లగొండ జిల్లాలో ఏ రైతు బోరు వేసినా ముందు తగిలే బండ. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారు గాని, ఇక్కడ ఆ ఎలుకా దొరకలేదు.

హోటలు ఆయన ఆ వారమే రేకులు విప్పుకున్నాడు. కార్లు రావడం ఆగిపోయింది. రాజేశ్ టిప్పర్ వాకిట్లో నిలబడింది, దాని నీడలో కోళ్ళు పడుకోవడం మొదలుపెట్టాయి.

అప్పుడు దివాకర్ వచ్చాడు. కారులో కాదు, బస్సు దిగి నడిచి. మనిషి సగమయ్యాడు. కంచె విప్పుతున్న కూలీలను ఒకసారి చూసి, పడగబండ ముందు కూర్చున్న బీరమ్మ దగ్గరికి వచ్చాడు. గేటు తీసేశారు కాబట్టి ఆమె ఆ రోజు లోపలిదాకా వచ్చి కూర్చుంది, పక్కన బూడిద గంప ఉంది. రాజేశ్ కూడా అక్కడే ఉన్నాడు. ఊరికే చూసిపోదామని కట్టె పొడుచుకుంటూ వచ్చిన గాలయ్య ఓ రాయి మీద కూలబడ్డాడు.

"అమ్మా, ఒక్క ముచ్చట అడుగుత, నిజం చెప్పు," అన్నాడు దివాకర్. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మట్టి మళ్ళ పరీక్ష చేయించిన. దాంట్ల ఊలు పోగులున్నయి. బొగ్గుంది, బూడిదుంది. మూడడుగుల కింద కూడ ఉన్నయి. ఇక్కడ గొర్లు ఉండేటియా?"

బీరమ్మ కొడుకు వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు.

ఇప్పుడు దాచడానికి ఏముంది? "ఉండేటియి సారూ," అంది.

"ఎప్పటి సంది?"

"మా ఇంటాయన ముత్తాతకు ముత్తాత నాటి సంది. ఏ వానకాలం తప్పలే."

"బూడిద?"

"నేనే చల్లేదాన్ని. నాకంటె ముందు మా అత్త చల్లేది. దినాం."

దివాకర్ రెండు చేతులతో తల పట్టుకుని బండ మీద కూర్చుండిపోయాడు. గాలయ్య నోట్లో పళ్ళు లేకుండా నవ్వాడు, కానీ ఆ నవ్వు తొందరగానే ఆగింది.

"నేను మొత్తుకున్న గాదు, ఎవడిన్నడు?" అన్నాడు ఆయన. "సూరేకారం బండల పుడ్తదా? గొర్ల మంద కింద పుడ్తది. ఉచ్చ, పెంట నేలల ఇగిరి ఇగిరి, మీద బూడిద వడి, వాన తగలకుంటే పొక్కు లేస్తది. మా తాత గొర్లమంద ఉన్న జాగల మన్నే తెచ్చేటోడు. నన్ను ఎవ్వడన్న అడిగిండా? చాయ్ పోసిండ్రు."

బీరమ్మకు మొదట అర్థం కాలేదు. దివాకర్ వైపు చూసింది, ముసలాయన తాగి మాట్లాడుతున్నాడేమో చెప్పమన్నట్టు.

"నిజమే అమ్మా," అన్నాడు దివాకర్. "ఇది గనిల ఉప్పు గాదు. మీ మంద చేసిన ఉప్పు. గొర్లతోని సగం, నీ బూడిదతోని సగం. రెండువందల ఏండ్లు పట్టింది. ఆనాడు నువ్వు ఉన్నయంటే, అప్పుడే చెప్పేటోన్ని సార్లకు, ఇది పై పై పొరనే, కింద ఏముండదని. కంచె పడకపోవు. ఎవ్వరు రాకపోయేటోళ్ళు."

 కూలీలు కంచె తీగ చుడుతున్నారు.

బీరమ్మ ఆ తీగకేసి చూసింది. కంచె పడకపోవు. కంచె పడకపోతే బురద లేదు. బురద లేకపోతే గిట్టలు కుళ్ళవు. లారీ వచ్చేది కాదు. ఒక్కొక్కటీ వెనక్కి నడుస్తూ పోయి పోయి చివరికి ఆ ఒక్క మాట దగ్గర ఆగింది. లేదు సారూ, మా అత్త నాటి సంది లేవు. మందకు కన్ను తగలొద్దని తను చెప్పిన మాట. తెల్లారకముందే లేచి, మూడుసార్లు ఊడ్చి, తడిక దాచి మరీ చెప్పింది. తన తెలివికి తనే మురిసింది కూడా. ఏ కన్నూ చేయలేనంత పని తన నోరు చేసింది.

"అమ్మా," అని రాజేశ్ దగ్గరికి వచ్చాడు. "నాదే తప్పు. ఆ దినమే నేను చెప్పాల్సుండె. సిగ్గయింది."

ఆమె వాడి తల మీద చెయ్యి వేసింది.

దివాకర్ చాలాసేపటికి సంచిలోంచి ఓ కాగితం, పెన్నూ తీశాడు. "ఆఖరి రిపోర్టు నేనే రాయాలె. రాసి నౌకరి ఇడిచిపెట్టి పోత," అన్నాడు. తర్వాత మొహమాటంగా అడిగాడు. "ఈ జాగల ఎన్ని గొర్లు ఉండేటియి అమ్మా? లెక్క కావాలె."

రాజేశ్ ఉలిక్కిపడి తల్లి వైపు చూశాడు. గాలయ్య కూడా చూశాడు. రాళ్ళగూడెంలో పుట్టినవాడెవడూ ఆ మాట అడగడు. పాలమూరు పిల్లగాడికి ఏం తెలుసు?

"అమ్మ చెప్పదు సార్," అన్నాడు రాజేశ్. "మీరే ఎంతో ఒకటి రాసుకోర్రి."

బీరమ్మ బూడిద గంప ఒళ్ళోకి లాక్కుంది. పడగబండ కింద ఖాళీగా, బోర్ల గుంతలతో ఉన్న నేలను ఈ మూల నుంచి ఆ మూలకు చూసింది. ఆ మూల సూడి గొర్లు పండేవి. ఈ గోడ పక్కన పొట్టేళ్ళు.

"నూట నలభై మూడు," అంది.

పైకే అంది, అందరికీ వినిపించేలా. అన్న మరుక్షణం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ఏ పిల్ల పడిపోయిందోనని వెనక్కి తిరిగి చూసింది.